బ్లోయర్ ఆగిపోతే యాప్‌నా అడగడం?

గాజువాక నుంచి ఒకాయన రాశారు: "మాస్టారూ, లంబసింగి వెళ్తుంటే తెల్లవారుజామున ఘాట్‌లో ముందు అద్దమంతా ఆవిరి పట్టేసింది. హీటర్ వేస్తే బ్లోయర్ 1, 2, 3లో అసలు తిరగలేదు, 4లో పెడితే మాత్రం హోరుమంటోంది. కారు లోపాలు చూపిస్తుందని ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ స్కానర్ చాలా రోజులుగా కారుకే పెట్టి ఉంచాను, దాని యాప్‌లో చూస్తే లోపమేమీ లేదంటోంది. యాప్ అప్‌డేట్ చేయాలా?"

చలికాలం వస్తే చాలు, ఇదే ప్రశ్న. హీటర్‌కీ ఏసీకీ బ్లోయర్ ఒకటే కదండీ. అది లంబసింగిలో పోలేదు, ఎప్పుడో పోయుంటుంది. మన విశాఖ ఉక్కపోతలో అందరం ఏసీని 4లోనే పెట్టి తిరుగుతాం కాబట్టి మిగతా మూడూ చచ్చిపోయాయని ఎవరికీ తెలియదు, కొండెక్కాక తెలుస్తుంది.

4 ఒక్కటే పనిచేస్తోందంటే మోటారు బాగానే ఉంది, స్పీడు తగ్గించడానికి కరెంటును అడ్డుకునే రెసిస్టర్ కాలిపోయింది. నాబ్ తిప్పే మామూలు ఏసీల్లో మొదటి మూడు స్పీడులకు కరెంటు దాని గుండానే వెళ్తుంది, నాలుగోదానికి నేరుగా వెళ్తుంది. ఆటోమేటిక్ ఏసీ అయితే దాని స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, అది వేరే లెక్క. కొత్త రెసిస్టర్ వేయించి ఊరుకోకండి, దాన్ని చల్లబరిచేది ఆ బ్లోయర్ గాలే కాబట్టి క్యాబిన్ ఫిల్టర్‌లో దుమ్మూ ఆకులూ కూరుకుపోయి ఉంటే కొత్తదీ కాలుతుంది. కనెక్టర్ ప్లాస్టిక్ కరిగిందేమో, బీచ్ వైపు పార్క్ చేసేవాళ్లయితే పిన్నులకు పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూడమనండి. ఏ స్పీడులోనూ తిరగకపోతే మాత్రం ముందు ఫ్యూజు, తర్వాత రిలే (బ్లోయర్‌కు కరెంటు కలిపే స్విచ్) చూడాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎక్కువ ఆంపియర్లది పెట్టేవాళ్లున్నారు, వాళ్లకో దండం. ఫ్యూజు బదులు ఈసారి వైరు కాలుతుంది.

ఇక అసలు నాకు భయం పుట్టించింది మీ స్కానర్. స్టీరింగ్ కింద పోర్టుకు పెట్టే ఈ చవక డాంగిళ్లు చూసేది ఎక్కువగా ఇంజిన్ లోపాలను చెప్పే కోడ్‌లు, కాలిన రెసిస్టర్ సంగతి వాటికి తెలియదు, కాబట్టి యాప్ వంద సార్లు అప్‌డేట్ చేసినా అదే మాట చెబుతుంది. కానీ ఆ పోర్టు కారులోని కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్‌కి తలుపు లాంటిది. దానికి 1234 అనే పిన్‌తో, కొన్నిటికి అదీ లేకుండా, ఒక బ్లూటూత్ పెట్టె తగిలించి రాత్రంతా వీధిలో వదిలేస్తున్నారు! పైగా మీ ఫోన్‌లో ఆ యాప్‌కి ఏమేం అనుమతులిచ్చారో ఒకసారి చూసుకోండి, కారు లోపం చెప్పడానికి కాంటాక్టులెందుకు దానికి? 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న కారును ఎక్కడో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా చేతిలోకి తీసుకున్నారు. వాళ్లు దూరింది స్టీరియో సిస్టం గుండా, మొదట చేసిన అల్లరేంటో తెలుసా, ఏసీ గాలిని ఫుల్‌లో పెట్టేయడం. తర్వాత హైవే మీద యాక్సిలరేటర్ పనిచేయకుండా చేశారు. ఆ దెబ్బకి 14 లక్షల వాహనాలు వెనక్కి పిలిచారు. పెద్ద కంపెనీ తయారుచేసిన దానిలోనే అంత కన్నం ఉంటే, పేరూ ఊరూ లేని డాంగిల్ సంగతి మీరే ఆలోచించండి.

కార్ల కంపెనీలూ తక్కువేం కాదు. ఫ్యాన్ స్పీడు పెంచడానికి టచ్‌స్క్రీన్‌లో రెండు మెనూలు దాటాలట! మా బంధువు కారులో అప్‌డేట్ తర్వాత ఆ బటన్ ఇంకో పేజీకి మారిపోయింది, మధురవాడ దగ్గర హైవే మీద వానలో అద్దం మసకబారుతుంటే ఆయన ఫ్యాన్ కోసం వెతుకుతున్నాడు. నాబ్ అయితే చూడకుండానే తిప్పేవాడు కదా.

మీరు డాంగిల్ పీకేసి ఆటోనగర్‌లో కారు ఏసీలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఈలోపు మళ్లీ ఘాట్ ఎక్కాల్సి వస్తే 4లో పెట్టి, ఏసీ కూడా ఆన్ చేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా ఉంచండి, అద్దం తేటపడుతుంది.