ఆఫ్రికన్ వయొలెట్‌లో కొత్త రంగులు

ప్రశ్న: ముదురు నీలం, గులాబీ రంగు ఆఫ్రికన్ వయొలెట్లను (కుండీల్లో పెంచే చిన్న పూల మొక్కలు) సంకరం చేశాను. మొలిచినవన్నీ నీలంగానే పూశాయి. ఎక్కడ తప్పింది?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఎక్కడా తప్పలేదు. నీలం బహిర్గత లక్షణం, గులాబీ అంతర్గతం. నీలం మొక్క అచ్చమైన రకమైతే మొదటి తరమంతా నీలమే. గులాబీ లోపల దాగి ఉంటుంది. చాలామంది ఈ దశలోనే విసిగి పిల్ల మొక్కల్ని పారేస్తారు, అసలు పని మొదలయ్యేది అక్కడే. వాటిలో బాగా పూసినదాని పుప్పొడిని దాని పూలకే అద్దండి, లేదా తోబుట్టువు పూలకు. రెండో తరంలో సుమారు నాలుగోవంతు గులాబీ వస్తుంది. ముదురు, లేత ఛాయలను, అంచు గీతలను నిర్ణయించే జన్యువులు వేరే ఉన్నాయి కాబట్టి కొత్త కలయికలూ బయటపడతాయి. ఐదు మొక్కలే పెంచితే గులాబీ ఒక్కటీ రాకపోవచ్చు, కనీసం 40 పెంచండి. పగడపు రంగు కూడా నీలంతో కలిస్తే మొదటి తరంలో ఇలాగే దాక్కుంటుంది.

ప్రశ్న: పుప్పొడి అద్దినా కాయ కట్టడం లేదు.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ పూలలో పుప్పొడి పసుపు సంచుల లోపలే ఉంటుంది, దానంతటది రాలదు. పూర్తిగా విచ్చిన పువ్వు నుంచి సంచిని తీసి, ఒకరోజు ఆరనిచ్చి, బ్లేడుతో చీల్చి నల్ల కాగితం మీద తట్టండి. పసుపు రంగు పుప్పొడి కనిపించాలి. తల్లి పువ్వు (పుప్పొడి అందుకునేది) విచ్చిన ఐదారు రోజులకు దాని కీలాగ్రం (పువ్వు మధ్య కాడ కొన) జిగురుగా మారుతుంది, అప్పుడే అద్దాలి. తొలి రోజే అద్దితే పొడి అంటదు. చాలా ముద్దపూలలో సంచులు రేకులుగా మారిపోయి ఉంటాయి, అలాంటివి తండ్రిగా పనికిరావు. మీ ఊరి వేసవి కూడా శత్రువే: 18–24 డిగ్రీలు దీనికి సుఖం, ఎండాకాలంలో సంకరం పెట్టుకోకండి.

పది రోజుల్లో అండాశయం ఉబ్బితే పని జరిగినట్టే. కాడకు తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ కట్టండి. కాయ పండటానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. గోధుమ రంగుకు తిరిగి ముడుచుకున్నాకే కోసి, నెల రోజులు నీడలో ఆరబెట్టండి. గింజలు దుమ్ములా ఉంటాయి. తడిపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద చల్లి వదిలేయండి, మట్టి కప్పకండి, వెలుగు తగలాలి. పైన గాజు మూత పెడితే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి.

ప్రశ్న: రేకు మధ్యలో నిలువు చారలున్న పువ్వు మొక్కను ఆకుతో పెంచితే చారలు పోయాయి.

జవాబు: అది రెండు రకాల కణజాలం పొరలుగా కలిసిన కైమీరా. ఆకుతో గానీ గింజతో గానీ చారలు నిలవవు. పూకాడను చిన్న ఆకుల జతతో సహా కోసి నాటి, అక్కడ వచ్చే పిలకను పెంచండి.