ఆ గుసగుసలు విన్నావా?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. టైమ్ మెషిన్ ఎక్కిన మీ హీరో కళింగ యుద్ధానికి వెళ్తాడు, హిరోషిమాకి వెళ్తాడు, వెళ్లిన ప్రతిచోటా నిలబడి "మనిషి ఎప్పటికీ బుద్ధి తెచ్చుకోడు" అని ఉపన్యాసం ఇస్తాడు. మూడోసారి మొదలుపెట్టేసరికి, ఏమీ అనుకోకు, నేను లేచి టీ పెట్టుకున్నాను.

క్రిస్ మార్కర్ అనే ఫ్రెంచి దర్శకుడు 1962లో 'లా జెటె' అని ఒక సినిమా తీశాడు. 28 నిమిషాలే. దాదాపు అంతా కదలని ఫొటోలు, వాటి మీద కథ చెప్పే ఒక గొంతు. మూడో ప్రపంచ యుద్ధంలో పారిస్ నేలమట్టమైంది. మిగిలినవాళ్లు భూమి కింద సొరంగాల్లో తలదాచుకున్నారు. అక్కడ గెలిచినవాళ్లు ఖైదీలను కాలంలోకి పంపే ప్రయోగాలు చేస్తుంటారు. కొందరు చస్తారు, కొందరికి మతి పోతుంది.

ఇక్కడ కాస్త ఆగు. ప్రయోగం చేసేవాళ్లు ఖైదీ పక్కన గుసగుసలాడుకుంటారు. జర్మన్‌లో. కథ చెప్పే గొంతు దాని గురించి ఒక్క ముక్క మాట్లాడదు. రెండో యుద్ధం ముగిసి అప్పటికి 17 ఏళ్లే. నాజీల క్యాంపుల్లో ఖైదీల మీద ఏం ప్రయోగాలు జరిగాయో ఆ ప్రేక్షకులకు విడమరిచి చెప్పాలా? ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాక కూడా మిగిలిన నలుగురూ మళ్లీ కట్టుకున్నది క్యాంపునే! మీ హీరో మూడు పేజీల్లో చెప్పలేకపోయింది ఆ గుసగుస చెప్పేసింది.

నీ మెషిన్ వర్ణనకే ఒకటిన్నర పేజీ పట్టింది. 'ఆదిత్య 369' చూసినవాళ్లం, ఆ మోజు నాకూ ఉంది, కాదనను. మార్కర్ దగ్గర మాత్రం ఒక ఉయ్యాల పడక, కళ్లకు గంతలు, సూదిమందు, అంతే. అతని ఖైదీని గతంలోకి లాగేది చిన్నప్పుడు ఓర్లీ విమానాశ్రయంలో చూసిన ఒకామె ముఖం. ఆమె కళ్లు తెరిచే ఆ కొన్ని సెకన్లే సినిమా మొత్తంలో కదిలే బొమ్మ. చివర్లో భవిష్యత్తు మనుషులు ఆ ఖైదీతో "మాతో వచ్చెయ్" అంటారు. వద్దు, నన్ను ఓర్లీలో ఆమెను చూసిన ఆ రోజుకే పంపండి అంటాడు. వెళ్తాడు. చిన్నప్పుడు అక్కడ తన కళ్ల ముందే కూలిపోయిన మనిషి తనేనని అప్పుడు తెలుస్తుంది.

మీ హీరోకి అలా వెనక్కి లాగేది ఏముంది? నీ స్క్రిప్టులోనే ఉందయ్యా. పదకొండో పేజీ తియ్యి. కళింగ నుంచి తిరిగొచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటాడు, బకెట్లో నీళ్లు ఎర్రబడతాయి, వాళ్లమ్మ ఏమీ అడక్కుండా ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకి పోస్తుంది. దాన్ని మూడు లైన్లలో దాటేసి హిరోషిమాకి పరిగెత్తావు.

ఆ పెరట్లోంచి మళ్లీ మొదలుపెట్టి రాసి పంపు. మెషిన్ బొమ్మలు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నా, బాగా గీశావు.

మీ అన్నయ్య