యూట్యూబ్ షార్ట్స్‌కి వ్యూస్ వస్తున్నా ఫారం ఎవరూ నింపట్లేదంటే

మీ వీడియోలో లోపమేం లేదండి, లింక్ పెట్టిన చోటే తేడా. బందరు కాలువ శుభ్రం చేసే షార్ట్‌ని జనం బాగానే చూస్తున్నా, పనికి వచ్చేవాళ్ల కోసం పెట్టిన గూగుల్ ఫారం నింపట్లేదన్నారు కదా. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టే లింకులు నొక్కినా తెరుచుకోవు. ఉత్త అక్షరాల్లా పడి ఉంటాయంతే.

1. అదే పని మీద అడ్డంగా తీసిన రెండు మూడు నిమిషాల మామూలు వీడియో పెట్టండి. నిలువుగా తీస్తే మూడు నిమిషాల దాకా అదీ షార్ట్ కిందే పోతుంది. డిస్క్రిప్షన్ మొదటి వరుసలోనే ఫారం లింక్.

2. అందరూ వదిలేసేది ఇదే. కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిచి సెట్టింగ్స్, ఛానెల్, ఫీచర్ ఎలిజిబిలిటీలోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ అయ్యాయో లేదో చూడండి. ఫోన్ నంబర్‌కి ఓటీపీ వచ్చింది కదా అని ఆగిపోతారు, అది సరిపోదు. ఛానెల్ కొత్తదైతే ఐడీ కార్డో, ముఖం వీడియోనో ఇవ్వాలి. ఇది కాకపోతే మామూలు వీడియోలో లింక్ కూడా నొక్కుడు పడదు.

3. తర్వాత షార్ట్ ఎడిట్‌లో 'రిలేటెడ్ వీడియో' దగ్గర ఆ వీడియో ఎంచుకోండి. షార్ట్ మీద కనిపించే దాని లింక్ నొక్కి జనం ఆ వీడియోకి, అక్కడి నుంచి ఫారానికి వెళ్తారు.

ఇన్‌స్టా రీల్‌కైతే లింక్ బయోలో, లేదంటే స్టోరీ స్టిక్కర్‌లో.

ఇంకోటి, ఫారాలంటే విసుక్కునేవాళ్లు కూడా కాలువ శుభ్రం చేయడానికి వస్తారు. "ఆదివారం ఉదయం 6, కృష్ణలంక వైపు గట్టు" అని వీడియో మీదే పెద్దగా వేయండి. కింద అంచున మాత్రం వద్దు, ఛానెల్ పేరు, టైటిల్ కప్పేస్తాయి.