బోమ్ జీసస్ చర్చికి అరగంట చాలదు

మీరు అడిగినవి రెండు. క్రైస్తవులు కానివాళ్ళు ఓల్డ్ గోవాలోని బోమ్ జీసస్ బసిలికా లోపలికి వెళ్ళొచ్చా, అత్తగారితో కలిసి వెళ్తే అరగంటలో చూసి వచ్చేయొచ్చా అని. నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. మతం ఎవరూ అడగరు, టికెట్ కూడా లేదు. అరగంట సంగతి మాత్రం నా అనుభవంతోనే చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నాకు దక్కింది ఇరవై నిమిషాలే.

అది ప్యాకేజీ టూరు. బస్సు దిగుతుండగానే గైడు "ఇరవై నిమిషాల్లో వచ్చేయండి, తర్వాత బీచ్ ఉంది" అన్నాడు. లోపల విపరీతమైన జనం. వాళ్ళతోపాటు ముందుకు నడిచి, ఎదురుగా మెరిసే బంగారు రంగు గోడ చూశాను, కుడిపక్కన ఎక్కడో ఎత్తున ఒక వెండి పెట్టె చూశాను, బయటికి వచ్చేశాను. ఆ పెట్టెలో ఉన్నది ఎవరో, ఎక్కడ చనిపోయిన మనిషి ఇక్కడికి ఎలా వచ్చాడో ఇంటికి వచ్చాక చదివితే తెలిసింది. అంత దగ్గరిదాకా వెళ్ళి ఏమీ చూడకుండా వచ్చానే అని చాలా బాధపడ్డాను. నాలుగేళ్ళ తర్వాత అమ్మను తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఒక ఉదయం మొత్తం ఓల్డ్ గోవాకే పెట్టుకున్నాం. నేను చెప్పేదంతా ఆ రెండో ప్రయాణం గురించే.

పణజీ నుంచి అక్కడికి సుమారు పది కిలోమీటర్లు. పణజీ బస్టాండులో బస్సులు దొరుకుతాయి, మేం బస్సులోనే వెళ్ళాం. టూరు బస్సులు రాకముందే, తొమ్మిదిలోపు చేరుకోండి. పదిన్నర దాటాక అదే చర్చి వేరే చోటులా ఉంటుంది. ఆదివారం ఉదయం పూజలు ఉంటాయి కాబట్టి, చూడడానికి వెళ్ళేవాళ్ళు వేరే రోజు పెట్టుకోవడం మేలు.

లోపలికి వెళ్ళే ముందు బయట ఒక ఐదు నిమిషాలు నిలబడండి. ఎర్రగా, మొరటుగా కనిపించే ఆ గోడలు లేటరైట్ రాయివి. వందల ఏళ్ళుగా ఇలాగే ఉన్నాయని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిజానికి ఈ గోడలకు ఒకప్పుడు సున్నపు పూత ఉండేది. 1950లలో దాన్ని గీకేశారు. అది మెత్తని రాయి, గోవా వానలకు అరిగిపోతుంది. మళ్ళీ పూత వేసి కాపాడాలని చర్చి తరఫువాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అది తెలిశాక ఆ ఎర్రదనం నాకు అందంగా అనిపించడం మానేసి, చర్మం ఒలిచినట్టు కనిపించింది. ముందుభాగంలో పైన చెక్కిన ఐ.హెచ్.ఎస్. అనే మూడు అక్షరాలను కూడా గుర్తుపెట్టుకోండి. గ్రీకులో యేసు పేరుకు అవి పొట్టి రూపం, ఈ చర్చిని కట్టిన జెస్యూట్ల, అంటే యేసు సభ గురువుల ముద్ర. ఒకసారి గుర్తుపడితే లోపల కూడా కనిపిస్తాయి.

కట్టడం 1594లో మొదలై, 1605లో చర్చిని ప్రతిష్ఠించారు. 1986లో ఓల్డ్ గోవాలోని మిగతా చర్చిలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక లోపల. నేను ఇచ్చే ముఖ్యమైన సలహా ఒక్కటే. వెళ్ళగానే సమాధి వైపు పరుగెత్తకండి, వెనక బల్ల మీద కూర్చోండి. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాబట్టి మేం కూర్చున్నాం, ఆ కూర్చోవడమే మాకు కలిసొచ్చింది. పది నిమిషాలకు కళ్ళు అలవాటుపడ్డాయి. మొదటిసారి నేను బంగారు గోడ అనుకున్నది బంగారు పూత పూసిన పెద్ద బలిపీఠం అని, అందులో ఒక కథ ఉందని అప్పుడు తెలిసింది. మధ్యలో నిలబడిన పెద్ద విగ్రహం యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలాది. ఆయన తల ఎత్తి పైకి చూస్తుంటాడు. ఆయన చూపు వెంట మనమూ చూస్తే సూర్యబింబంలాంటి గుండ్రటి పతకం మీద బయట చూసిన అవే మూడు అక్షరాలు. దానికీ పైన పిత, పుత్ర, పవిత్రాత్మ. ఇగ్నేషియస్ పాదాల దిగువన చిన్న బాల యేసు విగ్రహం ఉంటుంది. బోమ్ జీసస్ అంటే పోర్చుగీసులో మంచి యేసు. చర్చికి ఆ పేరు వచ్చింది ఆ పసివాడి వల్లే.

అమ్మ చాలాసేపు చూసి "పేరు ఆ బాబుది, బొమ్మేమో ఇంత చిన్నది, ఈ పెద్దాయనది అంత పెద్దది, అదేంట్రా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ పెద్దాయన చూపు తన మీదో మన మీదో కాకుండా ఆ పేరు మీదే ఉందనిపించింది. అమ్మ అడగకపోతే నేను ఆ చూపు దిశ గమనించేవాణ్ణే కాదు.

ముందుకు నడిచేటప్పుడు కొయ్యతో చెక్కిన ప్రసంగ వేదిక చూడండి. చిన్న చిన్న బొమ్మలు దాన్ని కింద నుంచి మోస్తున్నట్టు ఉంటాయి. దాని ఎదుటి గోడకు ఎవరూ ఆగి చూడని ఒక స్మారకం ఉంది. అది జెరోనిమో మస్కరెన్హాస్ అనే పోర్చుగీసు అధికారిది. కొచ్చిలో కెప్టెన్‌గా చేసిన ఆయన 1593లో చనిపోతూ వదిలిన డబ్బుతోనే ఈ చర్చి కట్టారు.

బలిపీఠానికి కుడివైపు ఫ్రాన్సిస్ జేవియర్ సమాధి. తెలుగు కతోలికులు పునీత (అంటే సెయింట్) ఫ్రాన్సిస్ శౌరి అంటారు. ఈ కథ తెలుసుకుని వెళ్తేనే ఆ వెండి పెట్టె మీతో మాట్లాడుతుంది. స్పెయిన్ ఉత్తరాన నవార్ ప్రాంతంలో 1506లో పుట్టాడు. 1542లో గోవా చేరాడు. ఇక్కడి నుంచి దక్షిణాన తమిళ దేశపు ముత్యాల తీరం జాలరుల మధ్యకు, అక్కడి నుంచి ఇప్పటి మలేసియాలోని మలక్కా, ఇండోనేసియాలోని మొలుక్కా దీవులు, జపాన్ దాకా పదేళ్ళు తిరిగాడు. చైనాలోకి వెళ్ళాలని తీరానికి ఎదురుగా ఉన్న షాంగ్‌చువాన్ దీవిలో పడవ కోసం ఎదురుచూస్తూ, 1552 డిసెంబర్ 3న జ్వరంతో చనిపోయాడు. అప్పటికి వయసు 46. ఎముకలు త్వరగా మిగిలితే తీసుకెళ్ళొచ్చని దేహాన్ని సున్నం వేసి పాతిపెట్టారు. కొన్ని నెలలకు తవ్వితే చెడలేదని ఆ కాలపువాళ్ళు రాసుకున్నారు. మలక్కాకు, అక్కడి నుంచి 1554లో గోవాకు తెచ్చారు. 1622లో పునీతుడిగా ప్రకటించారు. కుడి ముంజేయి మాత్రం ఇక్కడ లేదు, 1614లో రోముకు పంపారు, ఇప్పటికీ అక్కడి జెసూ చర్చిలో ఉంది.

వెండి పెట్టె 1636, 37 ప్రాంతంలో గోవా కంసాలులు చేసినది. చుట్టూ ఆయన జీవితంలోని 32 ఘట్టాలు చెక్కారు. కింద ఉన్న పాలరాతి సమాధి మాత్రం ఇటలీది. టస్కనీ పాలకుడు మూడో కోసిమో దె మెదీచీ చేయించి పంపాడు. జొవానీ బత్తిస్తా ఫొజ్జీని అనే శిల్పి పదేళ్ళు పనిచేశాడట. 1698లో ముక్కలుగా వచ్చిన దాన్ని ఇక్కడ అమర్చారు. పునీతుడి తల కింద ఉంచిన దిండును తనకు ఇచ్చినందుకు బదులుగా ఆ రాజు ఇది పంపాడు. ఒక దిండుకు ఒక పాలరాతి మందిరం! భక్తి అంటే ఏమిటో నాకు ఈ ఒక్క విషయం చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పలేదు.

పెట్టె చాలా ఎత్తులో ఉంటుంది, లోపలి దేహం స్పష్టంగా కనిపిస్తుందని ఆశపడకండి. దాన్ని పదేళ్ళకోసారి కిందికి దింపి, ఊరేగింపుగా ఎదుటి సే కథీడ్రల్‌కు తీసుకెళ్ళి ప్రజల దర్శనానికి ఉంచుతారు. కిందటిసారి 2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 వరకు జరిగింది. ఏటా డిసెంబర్ 3న పండుగ, దానికి ముందు తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు. ఆ రోజుల్లో గోవా నలుమూలల నుంచీ జనం వస్తారు, కొందరు రాత్రంతా నడిచి వస్తారు. ఆ భక్తిని చూడాలనుకుంటే అప్పుడు వెళ్ళండి, చర్చిని ప్రశాంతంగా చూడాలనుకుంటే ఆ రోజులు వదిలేయండి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నా స్నేహితుడు ఒకడు "అక్కడికి ఎందుకు వెళ్ళావ్" అని అడిగాడు. గోవాలో 1560 నుంచి 1812 దాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, ఇంక్విజిషన్, అంటే మత నియమాలు తప్పినవాళ్ళను విచారించే కతోలిక చర్చి న్యాయస్థానం నడిచింది. మతం మారినవాళ్ళు పాత ఆచారాలు పాటిస్తున్నారని ఎంతోమందిని శిక్షించారు. పోర్చుగీసు పాలనలో గుళ్ళు కూలాయి. ఇంక్విజిషన్ మొదలైంది జేవియర్ చనిపోయాకే, కానీ దాన్ని పంపమని పోర్చుగల్ రాజుకు 1546లో ఆయనే ఉత్తరం రాశాడు. ఇది దాచాల్సిన విషయం కాదు. అలాగని, ఆ ఉదయం నా పక్క బల్ల మీద జపమాల తిప్పుతూ కూర్చున్న ముసలమ్మను నేను ఆ చరిత్రకు జవాబుదారీ చేయలేను. రెండూ తెలిసే వెళ్ళాను, రెండూ మనసులో పెట్టుకునే కూర్చున్నాను. మీరూ అలాగే వెళ్ళండి అంటాను.

పద్ధతుల గురించి టెన్షన్ పడకండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. బీచ్ నుంచి తిన్నగా షార్ట్స్‌తో వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర ఇబ్బందిపడడం చూశాను. మగవాళ్ళు టోపీ తీసేయాలి. చెప్పులు విప్పక్కర్లేదు, అమ్మ మాత్రం గుమ్మం దాకా వచ్చి ఆగి, అందరి కాళ్ళూ చూసి అప్పుడు లోపలికి వచ్చింది. ఫోటోల విషయంలో అక్కడి బోర్డు చదవండి, మేం వెళ్ళినప్పుడు మనుషులను నిలబెట్టి తీయకూడదని రాసి ఉంది. పూజ జరుగుతుంటే వెనకే ఉండండి. అందరూ లేచినప్పుడు లేస్తే చాలు, మోకరించాలని ఎవరూ అనరు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో గురువు పంచే రొట్టె మాత్రం కతోలికులకే, ఆ వరుసలోకి వెళ్ళకండి. గుడిలో ప్రసాదం అందరికీ పెడతారు కదా అని అమ్మ లేవబోతే నేనే ఆపాను.

అక్కడిదాకా వెళ్ళాక రోడ్డు దాటి సే కథీడ్రల్ కూడా చూడండి. అలెగ్జాండ్రియాకు చెందిన పునీత కేథరిన్ పేరిట కట్టారు, ఎందుకంటే 1510 నవంబర్ 25న, ఆమె పండుగ రోజున, పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ గోవాను గెలుచుకున్నాడు. దానికి రెండు గోపురాలు ఉండాలి, ఒకటి 1776లో కూలిపోయింది, తిరిగి కట్టలేదు. పక్కనే అసీసీ ఫ్రాన్సిస్ చర్చి, దాన్ని ఆనుకుని పురావస్తు శాఖ మ్యూజియం ఉన్నాయి. ఓపిక ఉంటే కొంచెం దూరంలో పునీత అగస్టీన్ చర్చి శిథిలాలకు వెళ్ళండి. 46 మీటర్ల గోపురంలో సగమే నిలబడి ఉంటుంది. మా ఇద్దరిలో అక్కడికి నేను ఒక్కణ్ణే వెళ్ళాను.

మొత్తం మీద బోమ్ జీసస్‌కు గంటన్నర, మిగతావాటికి ఇంకో గంటన్నర పెట్టుకోండి. అత్తగారు ఎక్కువ నడవలేకపోతే ఆమెను బసిలికాలోనే బల్ల మీద కూర్చోబెట్టి మీరు మిగతావి చూసి రండి. నేను అగస్టీన్ గోపురం చూసి వచ్చేసరికి అమ్మ లోపల లేదు. బయట, కొవ్వొత్తులు అమ్మే ఆవిడ దగ్గర కనిపించింది. అక్కడ కొవ్వొత్తులతో పాటు మైనంతో చేసిన చేతులు, కాళ్ళు కూడా అమ్ముతారు, ఏ అవయవం బాగుపడాలో దాన్ని మొక్కుగా ఇస్తారు. అమ్మ ఆవిడను అడిగి ఒక మైనపు కాలు కొనుక్కుంది, మోకాలి కోసం.