కవరు కత్తిరించకు తల్లీ

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. జిల్లా స్టాంపుల ఎగ్జిబిషన్‌లో నువ్వు ఒక ఫ్రేము పెడుతున్నావట, సేవ చేసిన ఆడవాళ్ళ మీద వచ్చిన స్టాంపులతో. ఫోన్ పెట్టేశాక కాసేపు కాలు ఒకచోట నిలవలేదు. ఇన్నేళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని వేలమందికి స్టాంపులు చింపి ఇచ్చాను. ఇన్నాళ్ళకి మనింట్లో ఒక పిల్లకి వాటి మీద ప్రేమ పుట్టింది. ఎంత సంతోషమో చెప్పలేను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ చేతిలో కత్తెర ఉంటుందేమోనని.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. స్టాంపుని ట్వీజర్స్‌తోనే పట్టుకో. గమ్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. ఫ్రేమంటే ఎగ్జిబిషన్‌లో నిలబెట్టే బోర్డే కదా, దానికి స్టాంపులు అమర్చిన షీట్లు 16 పడతాయి, ముందు పెన్సిల్‌తో ప్లాన్ గీసుకో.

ఎవరిని పెట్టాలో మాత్రం బాగా ఆలోచించు. 1952లో మీరాబాయి స్టాంపు వచ్చింది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఆమె భక్తురాలు. అందంగా ఉందని నీ ఫ్రేములో ఇరికించకు. మదర్ థెరిసా స్టాంపు బిళ్ళలు ఎన్నో దేశాలు వేశాయి, వాటితోనే నీ షీట్లన్నీ నిండిపోతాయి. మనవాళ్ళు 1980 ఆగస్టు 27న వేసినది ఒక్కటి చాలు. ఆమె బతికుండగానే వచ్చింది, అది మామూలుగా జరిగేది కాదు. ఆ మాట కింద రాయి.

సావిత్రీబాయి ఫూలే స్టాంపు దగ్గర తేదీ చూడు. 1998 మార్చి 10. ప్లేగు రోగులకి సేవ చేస్తూ, అదే జబ్బు సోకి 1897లో ఆమె పోయిన రోజు కూడా మార్చి 10. బిళ్ళ మీద బొమ్మ ఒక్కటే చూసి ముందుకెళ్ళిపోతే ఇది ఎవరికి తెలుస్తుంది? ఎవరో ఒకరు ఆగి చదివేలా రాయాలి.

ఇక దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1982 మే 9, ఆమె మొదటి వర్ధంతికి వచ్చింది, 50 పైసలు. రాజమండ్రిలో పుట్టిన పిల్ల. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. ఈ సంగతి అందరూ రాస్తారు, నువ్వూ ఒక్క వాక్యంలో రాసుకో. నేను చెప్పాలనుకున్నది వేరే.

నాకు వరసకి అత్తయ్య ఒకావిడ ఉండేది. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే, మద్రాసులో ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకుంది. దుర్గాబాయమ్మ 1937లో పెట్టిన సంస్థ అది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెట్టేవారు. అత్తయ్య మెట్రిక్ పాసై టీచరైంది. తన జీతంతో తను బతికింది. దుర్గాబాయమ్మని "మా అమ్మ" అనేది.

స్టాంపు విడుదలైన కొద్ది రోజులకే అత్తయ్య దగ్గర నుంచి నాకు కవరు వచ్చింది. మీద ఆ బిళ్ళే. పక్కనే నీలం ఇంకుతో, సన్నటి అక్షరాలతో, "మా అమ్మ బిళ్ళ మీదికొచ్చింది" అని రాసింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆల్బం పిచ్చి. కవరు చేతికి రాగానే ఉత్తరం కూడా సరిగ్గా చదవలేదు. స్టాంపు చుట్టూ కత్తెరతో కోశాను, స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వేశాను. మిగిలిన కవరు పొయ్యిలోకి పోయింది.

ఆ ముక్క మీద అత్తయ్య రాతలో చివరి రెండు అక్షరాలు మిగిలాయి. నేను చూస్తుండగానే ఆ నీలం నీళ్ళలోకి సన్నగా పొగలా పాకింది. కాసేపటికి నీళ్ళు లేత నీలం, కాగితం తెల్లగా. బిళ్ళ మాత్రం చక్కగా ఊడి వచ్చింది. ఎంత మురిసిపోయానో!

తరువాత ఒక ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే, అక్కడ ఒక పెద్దాయన అడిగారు, "ఇది ఎవరికి ఎవరు పంపారమ్మా?" అని. నా నోట మాట రాలేదు. బిళ్ళలు లక్షల్లో వేస్తారు. ఆ కవరు ఒక్కటే. దుర్గాబాయమ్మ ఏం చేసిందో చెప్పడానికి అత్తయ్య చేతిరాత కంటే గొప్ప సాక్ష్యం నా దగ్గర ఇంకేముంది? అత్తయ్య పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పటికీ పళ్ళెంలో నీళ్ళు పోస్తుంటే ఒక్కోసారి అది గుర్తొస్తుంది.

అందుకే పాత ఉత్తరాలేవైనా దొరికితే ముందు చదువు. పోస్టుమార్కు, అడ్రసు, మరక, ఏదీ ముట్టుకోకు. కవరు కవరుగానే షీటు మీద పెట్టు, మూలలకి కార్నర్లు వేసి. నీకు ఎంత తొందరున్నా సరే. నా మాట కాదని కోశావంటే నీతో మాట్లాడను, చెప్తున్నాను. (మాట్లాడతాలే. నీతో మాట్లాడకుండా నేను ఉండలేను.)

ఇంకో మాట. డొక్కా సీతమ్మ గారి ఫొటోతో మై స్టాంప్ వేయించి ఫ్రేములో పెడతానన్నావట. వేయించు, గోదావరి జిల్లాల్లో ఆ తల్లి అన్నం తినని ఊరేది? కానీ దాని కింద "స్టాంపు విడుదల" అని రాయకు. డబ్బు కట్టి మనం వేయించుకున్నది వేరు, ప్రభుత్వం వేసినది వేరు. ఆ తేడా రాసి పెట్టు, చూసేవాళ్ళు నిన్ను నమ్ముతారు.

నేను ఊడదీసిన ఆ బిళ్ళ పంపిస్తున్నాను. దుర్గాబాయమ్మ షీటులో పెట్టుకో, పక్కన కవరంత చోటు ఖాళీగా ఉంచు. ఆదివారం ఇంటికి రా, నా ట్వీజర్స్ నీకిస్తాను. వచ్చే ముందు అన్నం తినకు, పెసరట్టు వేస్తాను. తిన్నాక చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని కూర్చుందాం.

నీ పెద్దమ్మ