ముట్టుకోనివ్వు నాన్నా

చిరంజీవి చిన్నాకి, పెద్దమ్మ దీవెనలు.

పండక్కి వచ్చినప్పుడు నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద అరిసెల పాకం. అందుకే ఈ ఉత్తరం. ఫిబ్రవరి 28న సైన్స్ డే, ఆ తర్వాతి వారం ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లడం, రెండూ హెడ్మాస్టారు నీ నెత్తిన పెట్టారన్నావు. టీచరుగా చేరి ఆర్నెల్లు కాలేదు, టెన్షన్‌గా ఉంది, ఎలా చెయ్యాలి పెద్దమ్మా అన్నావు. నేను 1987లో ఉద్యోగంలో చేరాను. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించిన రోజని దేశమంతా సైన్స్ డే జరపడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. అంటే ముప్పై మూడు సైన్స్ డేలు చేశాను. అందులో మొదటి పదీ దండగ. నువ్వు ఆ పదీ చెయ్యక్కర్లేకుండా ఉండాలని రాస్తున్నాను.

ముందు ఆ దండగ సంగతి చెప్తాను. బల్లలకు తెల్ల దుప్పట్లు పరిచి, థర్మోకోల్ అగ్నిపర్వతాలు, థర్మోకోల్ డ్యాములు, థర్మోకోల్ సౌర కుటుంబం పెట్టించేదాన్ని. సగం వాళ్ల నాన్నలు చేసినవి, మిగతా సగం బజార్లో కొన్నవి. చీఫ్ గెస్టు గారు పదకొండింటికి వస్తారంటే తొమ్మిది నుంచీ పిల్లలు నిలబడేవాళ్లు. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్ల వాన నీటి గుంట మోడల్ గురించి గడగడా చెప్తోంది. వచ్చినాయన మధ్యలో ఆపి, "నీళ్లు లోపలికి ఇంకకుండా పైనే నిలిచిపోతే ఏం చేస్తావమ్మా?" అన్నారు. పిల్ల ఒక్క క్షణం ఆగి, మళ్లీ "రెస్పెక్టెడ్ సర్" నుంచి మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ పాఠం రాసిచ్చింది నేనే కదా. ఆ గుంటలో ఒక్క చెంబుడు నీళ్లు పోసి చూడమని ఆ పిల్లకు ఒక్కసారైనా చెప్పలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. ఏ వస్తువైనా ముందు పిల్ల చేతిలోకి వెళ్లాలి, ఆ తర్వాతే నా నోరు తెరవాలి. వినడానికి చిన్న మాటే. చేసేటప్పుడు నోరు మూసుకోవడం ఎంత కష్టమో నీకే తెలుస్తుంది.

పసుపుతో మొదలుపెట్టు. డ్రాయింగ్ షీటు మీద పసుపు నీళ్లు పూసి ముందురోజే ఆరబెట్టించు, వేలెడు పొడవు ముక్కలు కత్తిరించు. సున్నం నీళ్లు, సబ్బు నీళ్లు, నిమ్మరసం, చింతపండు పులుసు, మామూలు నీళ్లు, అన్నీ టీ గ్లాసుల్లో పోసి పెట్టు, పేర్లు రాయకు. పిల్లలే ముంచి చూడాలి. సున్నంలో, సబ్బులో ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు. అప్పుడు అడుగు: పెళ్లికూతురి కాళ్లకు పారాణి ఎలా కలుపుతారు? దిష్టి తీసే నీళ్లు ఎర్రగా ఎందుకుంటాయి? తెల్ల చొక్కా మీద కూర మరకకి సబ్బు పెడితే ఉన్నట్టుండి ఎందుకు ఎర్రబడుతుంది? ఆ చివరి ప్రశ్నకు మా క్లాసులో కేకలు పుట్టేవి. ప్రతి ఇంట్లో ఆ మరక చూసినవాళ్లే. ఆమ్లం, క్షారం అన్న మాటలు అప్పుడు బోర్డు మీద రాయి, అంతకుముందు వద్దు. మందార రేకులు వేడినీళ్లలో నానబెట్టిన రంగు కూడా పక్కన పెట్టుకో, నిమ్మరసంలో గులాబీ ఎరుపు, సబ్బు నీళ్లలో ఆకుపచ్చ.

ఇందులోనే నాకు ఒక దెబ్బ తగిలింది. ఒక పిల్ల ఇంటి నుంచి షాంపూ ప్యాకెట్ తెచ్చి ముంచింది. రంగు మారలేదు. "ఫెయిలయింది టీచర్" అని ఏడుపు మొహం పెట్టింది. నేనూ కాగితం పాతదేమో అన్నాను. కొత్తది ముంచినా అంతే. తీరా చూస్తే తప్పు కాగితంది కాదు, నాది. షాంపూలు చాలావరకు క్షారాలు కావు, సబ్బులాంటివి అసలే కావు. నురగ వస్తే క్షారమే అని నేను పదేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఆ రోజు పిల్లల ముందే "నాకు తెలీదు, కనుక్కుని చెప్తాను" అన్నాను. నీకూ ఇలాంటి సందర్భం వస్తుంది. సిగ్గుపడకు, కానీ మర్నాడు మాత్రం కనుక్కుని వెళ్లు.

రెండోది నీడ కర్ర. దీనికి పైసా ఖర్చు లేదు, నాకు అన్నిటికంటే ఇష్టం. గ్రౌండులో మీటరు పొడవు కర్ర పాతించు. దారానికి రాయి కట్టి నిలువు సరిచూడమను. పదకొండున్నర నుంచి పది నిమిషాలకోసారి నీడ కొస దగ్గర ఒక గులకరాయి పెట్టాలి. పన్నెండింటికి నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని అందరూ పందెం కాస్తారు. పన్నెండు దాటినా అది ఇంకా కురచవుతూనే ఉంటుంది. మీ సూర్యాపేట వైపు ఫిబ్రవరి చివర్లో పన్నెండూ ఇరవై దాటాక గానీ మళ్లీ పెరగడం మొదలవదు. అప్పటికి కర్రలో సగం కంటే కాస్త తక్కువ ఉంటుంది. "గడియారం తప్పు" అంటారు పిల్లలు. అననివ్వు. మన దేశపు టైము 82½ డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. మీరు దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే మీ ఊరికి సూర్యుడు పన్నెండు నిమిషాలు ఆలస్యం. మిగతా పన్నెండు నిమిషాలు భూమి నడకలో ఉన్న తేడా వల్ల, దాని ఇరుసు వంపు వల్ల. ఆ రెండోది ఏడో తరగతికి వద్దు, అడిగిన పిల్లకు మాత్రం చెప్పు. అన్నట్టు, ఆ పొట్టి నీడ చూపించేదే అసలైన ఉత్తర దిక్కు.

ఈ కర్ర తీసెయ్యకు, ఏడాదంతా ఉంచు. మన ఊళ్లలో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం నీడే ఉండదు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తుంది. మీకు ఒక రోజు అటూ ఇటూ. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. నాకు సర్వీసు మొత్తంలో నాలుగైదు సార్లే దొరికింది. దొరికిన రోజున మాత్రం హెడ్మాస్టారితో సహా బడంతా గ్రౌండులో ఉండేది.

ఇంకో రెండు బల్లలు పెట్టు. పారేసే సామానుతో బొమ్మలు చేయించి సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా గారి పద్ధతిలో సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు కలిపి త్రిభుజం, చతురస్రం చేయించు. నొక్కితే చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం కదలదు. తర్వాత బయటికి తీసుకెళ్లి కరెంటు టవర్ చూపించు, ఇంకేం చెప్పక్కర్లేదు. నాలుగో బల్ల మీద అద్దం ముక్కలు. అద్దాల షాపులో కోసి పారేసేవి అడిగితే ఉత్తినే ఇస్తారు. అంచులకు ఇన్సులేషన్ టేపు చుట్టకుండా మాత్రం పిల్లలకు ఇవ్వకు. నాలుగు బల్లలు చాలు. పది పెడితే ఒక్కోదాని దగ్గర రెండు నిమిషాలు కూడా ఉండరు, జాతరలా తిరిగేస్తారు.

బల్లకు నలుగురికి మించకూడదు. నలుగురిలోనూ ఒకడే చేస్తాడు, ముగ్గురు చూస్తారు. ఆ ఒకడు సాధారణంగా గట్టిగా మాట్లాడేవాడు. అందుకే ఒకసారి చేశాక వస్తువు ఎడమ పక్క వాళ్లకు వెళ్లాలని ముందే చెప్పు. వెనక నిలబడి చున్నీ కొస నలుపుకునే పిల్ల చేతికి కూడా సున్నం అంటాలి.

జాగ్రత్తలు నీకు తెలిసినవే, అయినా పెద్దదాన్ని, చెప్పకుండా ఉండలేను. సున్నం కళ్లలో పడకూడదు, పక్కనే బకెట్ నీళ్లుండాలి. అద్దంతో ఎండను ఎవరి మొహం మీదికీ కొట్టకూడదు, భూతద్దంతో సూర్యుణ్ణి చూడకూడదు. బిళ్ల బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ప్రైమరీ పిల్లలు తిరిగే చోట అసలు పెట్టకు, మింగితే ప్రాణం మీదికొస్తుంది. మంట ఉన్న ప్రయోగం ఏదైనా నువ్వే చెయ్యి, జడలు, చున్నీలు దూరంగా.

ఇక మ్యూజియం సంగతి. నా మొదటి ట్రిప్పులో ఒక్కరోజులో జూ, చార్మినార్, సాలార్‌జంగ్, బిర్లా ప్లానెటోరియం అన్నీ పెట్టాను. డబ్బులు కట్టిన తల్లిదండ్రులకు న్యాయం చేయాలని ఆత్రం. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం బొమ్మను రెండు నిమిషాల తేడాతో తప్పిపోయాం, ఇంకో గంట ఆగే టైము లేదు. ప్లానెటోరియం షో భోజనాల తర్వాత పెట్టాను. కుర్చీలు వెనక్కి వాలాయి, చీకటి పడింది, సగం మంది గుర్రు. మర్నాడు వ్యాసం రాయమంటే అందరూ అంత్యాక్షరి గురించి, ఐస్‌క్రీం గురించి రాశారు. వాళ్ల తప్పేం లేదు.

నువ్వు బిర్లా మ్యూజియం, ప్లానెటోరియం రెండూ ఉన్న గుట్ట, ఆ ఒక్క నౌబత్ పహాడ్ మీదే రోజంతా గడుపు. ప్లానెటోరియం 1985లో ఎన్టీ రామారావు గారు ప్రారంభించారు. సైన్స్ మ్యూజియం 1990లో, డైనోసార్ హాలు 2000లో వచ్చాయి. ముందు ఆదివారం నువ్వొక్కడివే వెళ్లి చూసిరా. తెలుగు షో ఎన్నింటికో, బడి పిల్లలకు ఏదైనా ప్రత్యేక కార్యక్రమం ఉందో ఫోన్లో కనుక్కో. షో భోజనాలకు ముందే అయిపోవాలి.

ఖాళీలు పూరించే కాగితాలు మాత్రం ఇవ్వకు. ఇస్తే పిల్లలు బొమ్మ వంక చూడరు, బోర్డు మీదున్నది ఎక్కించుకుని పక్కకు వెళ్లిపోతారు. ఇద్దరికి ఒక ప్రశ్న చాలు. డైనోసార్ దగ్గర నేనడిగే ప్రశ్న చెప్తాను. ఆ అస్థిపంజరం పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలది. దాని శాస్త్రీయ నామంలోనే ఆ ఊరుంది, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పదహారు కోట్ల ఏళ్లు పైబడిన, ఆకులలములు తినే జంతువు. మన తెలంగాణ పల్లెటూరి పేరు పెట్టుకున్న డైనోసార్ అనగానే పిల్లల కళ్లు చూడాలి. ఆ ఎముకలు ఒకే జంతువువి కావు, చాలా జంతువులవి కలిసి దొరికాయి. పుర్రె దొరకలేదు. మరి ఈ తల ఎలా పెట్టారు? అది ఆకులే తినేదని ఎవరు చెప్పారు? అంతే, ఈ రెండు అడిగేసి నువ్వు పక్కకెళ్లి కూర్చో. పది నిమిషాలు ఎవరూ కదలరు. ఒకసారి ఒక పిల్లాడు "పళ్లు దొరికుంటాయి టీచర్, మా తాత గేదె వయసు పళ్లు చూసే చెప్తాడు" అన్నాడు. నిజంగానే రెండు పళ్లు దొరికాయి.

మిగతావి మామూలే. ఇద్దరిద్దర్ని జత కట్టి లెక్క వాళ్లకే అప్పజెప్పు. బస్సులో వాంతులకు కవర్లు, నిమ్మకాయలు పెట్టుకో. ఆడపిల్లలతో లేడీ టీచర్ లేకుండా బయలుదేరకు.

డబ్బులు కట్టలేక ఆగిపోయిన పిల్లలుంటారు, ఎప్పుడూ ఉంటారు. కలకత్తా బిర్లా మ్యూజియం వాళ్లు 1965లోనే బొమ్మల్ని బస్సులో పెట్టుకుని ఊళ్లకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. మీకు బస్సు లేకపోయినా వరండా ఉంది. వెళ్లొచ్చిన ప్రతి జత అక్కడ చూసినదాంట్లో ఒకటి దొరికిన సామానుతో చేసి, వెళ్లని వాళ్లకు చూపించాలని షరతు పెట్టు. వంకర అద్దాలకు బదులు స్టీలు గరిటె సరిపోతుంది. సరిగ్గా రాకపోయినా ఏం కాదు, వెళ్లని పిల్లలే బాగుచేస్తారు. మా బళ్లో పెరిస్కోపు సరిచేసింది ట్రిప్పుకు రాని పిల్లాడే.

నా పాత ట్రంకు పెట్టెలో టేపు చుట్టిన అద్దం ముక్కలు ముప్పై దాకా, పాత స్పీకర్ల అయస్కాంతాలు, ఒక వాల్వు ట్యూబు చుట్ట ఉన్నాయి. ట్యూబు ఎండిపోయిందేమో లాగి చూసుకో. వచ్చే ఆదివారం మీ అమ్మ వస్తే పంపిస్తాను. 28న నీడ ఎన్నింటికి పొట్టిదయిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు. నాది ఇక్కడ మేడ మీద కొలిచి ఉంచుతాను.

ఇట్లు
మీ పెద్దమ్మ