ఒక మూల ఎర్రబడితే మడి మొత్తానికి జింకు వేయాలా?

రెండెకరాల వరి, నాటి 20 రోజులు, తూర్పు మూల మాత్రమే ఎర్రబడింది, యూరియా చల్లినా తేరుకోలేదు, మొత్తానికి జింకు వేయాలా అని అడిగారు. తొందరపడకండి. ఆ మూలను ఈమధ్య చదును చేశారా?

మాది కోవూరు దగ్గర, పెన్న కాలువ కింద. మూడు కయ్యల గట్లు తీయించి, బ్లేడు పెట్టి ఒకటిగా చేయించాను. మెరక మీది మంచి మట్టంతా పల్లానికి పోయి, అడుగునున్న సుద్ద పైకి తేలింది. ఆ రబీలో సరిగ్గా ఆ 40 సెంట్లే దుబ్బు కట్టలేదు. చేనంతా రెండు దఫాలు యూరియా చల్లాను. పచ్చగా ఉన్న పైరు మరింత పచ్చబడింది, ఎర్రది ఎర్రగానే ఉంది.

భూసార పరీక్షలో తప్పు నాదే. పది చోట్ల మట్టి తీసి ఒకే సంచిలో కలిపి ఇచ్చాను. జింకుకు లోటు లేదని వచ్చింది. మరుసటి ఏడు ఆ మూల మట్టిని 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసి విడిగా ఇస్తే, ఉదజని సూచిక (pH) 8 దాటింది, అంటే క్షార నేల; జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కంటే తక్కువ, అంటే లోటే. ఎండిన ఆ మట్టి మీద నిమ్మకాయ పిండి చూశాను, సన్నగా బుడగలు వచ్చాయి, సున్నం ఉందన్న గుర్తు అది. పక్క మట్టి మీద రాలేదు.

మీరూ ఆ మూల మట్టిని విడిగా పరీక్షకు ఇవ్వండి. ఈలోగా ఆకు చూడండి. నత్రజని లోపమైతే ముదురాకు కొన నుంచి సమంగా పాలిపోతుంది. జింకైతే పైనుంచి మూడో, నాలుగో ఆకు మీద తుప్పు రంగు మచ్చలు, ఆకు మొదలు దగ్గర నడి ఈనె తెల్లబడటం కనిపిస్తాయి. ఆకును వంచితే పుటుక్కున విరుగుతుంది. లేత ఆకులే పాలిపోతే కథ వేరు, ఇనుమో గంధకమో చూడాలి.

జింకే అని తేలితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు, ఆ మూలకే పిచికారీ చేయండి. నా 40 సెంట్లకు 16 లీటర్ల ట్యాంకులు ఐదు పట్టాయి, ట్యాంకుకు 32 గ్రాములు. పురుగుమందు కలపకండి. తర్వాతి పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల లెక్కన అక్కడే 8 కిలోల జింకు సల్ఫేట్ వేశాను. డీఏపీతో (భాస్వరం ఎరువు) కలిపితే జింకు పైరుకు అందదు, మూడు రోజులు ఎడమివ్వాలి. ముందుగా పచ్చిరొట్ట ఎరువుగా జీలుగు చల్లి, పెరిగాక కలియదున్నాను, రెండు ట్రాక్టర్ల పశువుల ఎరువు కూడా అక్కడికే తోలాను.

మూడో ఏటికి పైరు కలిసిపోయింది. గట్టు వారన రెండు సెంట్లు మాత్రం ఇప్పటికీ వెనకే, అక్కడ పారకు సుద్దే తగులుతోంది.